విదేశంలో వేలం ఇల్లా, బెజవాడలో బ్యాంకు వేలం ఫ్లాటా: ఏది మేలు?

అమెరికాలోని డెట్రాయిట్‌లో పన్ను బకాయి పడ్డ ఇళ్లకి రెండో విడత వేలం పాట 500 డాలర్ల నుంచి మొదలైన సందర్భాలున్నాయి. ఆ డబ్బుతో పటమటలో ఫ్లాటుకి రంగులు కూడా వేయించలేం. పిల్లలు అమెరికాలోనో లండన్‌లోనో ఉన్న ఇళ్లలో "అక్కడే వేలంలో ఒకటి పాడేస్తే పోలా?" అనే మాట అందుకే వస్తుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. విజయవాడలోనో గుంటూరులోనో ఉండేవాళ్లకి ఇక్కడి బ్యాంకు వేలమే (అప్పు కట్టనివాళ్ల ఇళ్లని బ్యాంకు అమ్మేది) మేలు. పరాయి దేశంలోనే కొనాలంటే ఇంగ్లండ్. అమెరికా కౌంటీ (మన జిల్లా లాంటిది) వేలం మాత్రం, అక్కడ మన మనిషి లేకపోతే, వద్దే వద్దు.

కాగితాల విషయంలో ఇంగ్లండ్ పద్ధతి మనకన్నా చాలా శుభ్రంగా ఉంటుంది. వేలానికి ముందే లీగల్ ప్యాక్ అని టైటిల్, లీజు, అమ్మకం షరతులు అన్నీ ఒక కట్టగా పెడతారు. అక్కడి సొలిసిటర్‌కి (లాయరుకి) ఫీజిచ్చి చదివించుకోవచ్చు. అక్కడ ఫ్లాట్లు ఎక్కువగా దీర్ఘకాల లీజు మీదే అమ్ముతారు కాబట్టి, ఫ్లాటైతే లీజు ఇంకా ఎన్నేళ్లు మిగిలిందో మొదట చూడాలి. మరీ చవగ్గా కనిపించేవాటిలో తరచూ ఉండే మెలిక ఇదే. గదిలో సుత్తి పడిందంటే ఒప్పందం అయిపోయినట్టే: అదే రోజు 10 శాతం, మిగతాది మామూలుగా 28 రోజుల్లో. మనసు మార్చుకుంటే ఆ 10 శాతం పోతుంది.

స్టాంపు డ్యూటీ దగ్గర అసలు దెబ్బ తగులుతుంది. రెండో ఇంటికి 5 శాతం, ఆ దేశంలో ఉండనివాళ్లకి ఇంకో 2 శాతం అదనం. మీకు సత్యనారాయణపురంలో సొంతిల్లు ఉన్నా, వాళ్ల లెక్కలో ఇది రెండో ఇల్లే. లక్ష పౌన్ల ఇంటికి 7 వేల పౌన్లు అలా పోతాయి.

డబ్బు పంపడం మరో తలనొప్పి. విదేశాలకి డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద (ప్లాట్ల ఎల్‌ఆర్‌ఎస్ కాదు) ఒక మనిషి ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్లు మించి పంపకూడదు. ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే ఆదాయపన్ను) పట్టుకుంటుంది. పౌను 115 రూపాయలనుకుందాం. లక్ష పౌన్లంటే కోటీ 15 లక్షలు, దాని మీద టీసీఎస్ 21 లక్షలు. రిటర్ను వేస్తే సర్దుబాటు అవుతుంది, నిజమే. కానీ ఆ 28 రోజుల్లో మాత్రం 21 లక్షలూ అదనంగా చేతిలో ఉండాల్సిందే. కొన్నాక ఆ ఇంటిని ఏటా రిటర్నులో షెడ్యూల్ ఎఫ్‌ఏలో (విదేశీ ఆస్తుల పట్టికలో) చూపించాలి. చూపకపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడొచ్చు.

అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో చట్టం. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్‌నే చూడండి. అప్పు కట్టని ఇళ్లని నెలలో మొదటి మంగళవారం వేలం వేస్తారు. ఇంటి లోపల చూసే వీలు సాధారణంగా ఉండదు, డబ్బు వెంటనే కట్టాలి. వేలం వేసింది రెండో అప్పు ఇచ్చినవాళ్లైతే మొదటి అప్పు ఇంటి మీద అలాగే ఉంటుంది. పన్ను బకాయి వేలమైతే, పాత యజమాని తను ఉన్న ఇంటిని రెండేళ్లలోపు అదనపు సొమ్ము కట్టి తిరిగి తీసుకోవచ్చు. ఆ రెండేళ్లూ దానికి రిపేరు చేయించాలో వద్దో తెలీక టెన్షన్.

వీటన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించేది వేరే ఉంది. సింగ్‌నగర్‌లో ఫ్లాటు వేలానికొచ్చిందంటే మనం అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయని. నోటీసులో ఆ సంగతి ఉండదు, వాచ్‌మన్ చెప్తాడు. 2017లో హార్వీ తుపానుకి హ్యూస్టన్‌లో ఏ వీధులు మునిగాయో మనకి ఎవరు చెప్తారు? అసలు ఆ ప్రశ్న అడగాలనైనా తోస్తుందా?

అలాగని ఇక్కడి వేలం సుఖమేమీ కాదు. బ్యాంకులు బకాయిదారుల ఆస్తి అమ్ముకునే సర్ఫేసీ చట్టం కింద, రిజర్వు ధరలో (బ్యాంకు పెట్టే కనీస ధరలో) మామూలుగా 10 శాతం ఈఎండీ (బయానా) కట్టి పాడాలి. పాట గెలిస్తే అదే రోజు, లేదా మర్నాటి పనిదినానికి, ఈఎండీతో కలిపి 25 శాతం. మిగతా 75 శాతానికి 15 రోజులే గడువు. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే మూడు నెలల దాకా పొడిగిస్తారు. అరవై లక్షల ఫ్లాటైతే మొదట 15 లక్షలు, తర్వాత 45 లక్షలు. గడువు తప్పితే ఆ 25 శాతం మొత్తం జప్తు చేసుకోవచ్చని 2024లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. హోమ్ లోన్ మీద ఆశ పెట్టుకుంటే ముందే మాట్లాడుకుని ఉండాలి.

నోటీసులో నేను మొదట వెతికేది ధర కాదు, స్వాధీనం. "ఫిజికల్ పొజెషన్" అని ఉంటే తాళం బ్యాంకు దగ్గరే ఉన్నట్టు. "సింబాలిక్" అంటే స్వాధీనం కాగితం మీదే, లోపల ఇంకా ఎవరో కాపురం ఉండొచ్చన్నమాట. వాళ్లు డీఆర్‌టీకి (బ్యాంకు బకాయిల ట్రైబ్యునల్‌కి) వెళ్తే నెలలు గడుస్తాయి. ఎంత చవగ్గా వచ్చినా సింబాలిక్ జోలికి నేను పోను. తర్వాత ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), ప్లాను. అనుమతి లేని పై అంతస్తు కాదని చూసుకోవాలి. అసోసియేషన్ బకాయి, ఇంటిపన్ను, కరెంటు బిల్లు కూడా అడగాలి. పాత కరెంటు బకాయిని కొన్నవాళ్ల దగ్గర వసూలు చేయొచ్చని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇవన్నీ బ్రాడీపేట నుంచి లక్ష్మీపురం వెళ్లి ఒక పూటలో కనుక్కోవచ్చు. బ్రాడ్‌ఫర్డ్‌లో ఇల్లయితే ఇదే పనికి డబ్బిచ్చి మనుషుల్ని పెట్టుకోవాలి.

కొడుకో కూతురో డాలస్‌లోనే స్థిరపడి, ఆ వీధి తిరిగి చూసి, అక్కడి లాయరుతో టైటిల్ వెతికిస్తానంటే లెక్క మారుతుంది. అప్పుడు వాళ్ల సంపాదనతో వాళ్ల పేరు మీదే కొననివ్వండి. టీసీఎస్ గొడవ ఉండదు.

వాళ్లే ఇక్కడి వేలంలో కొనాలనుకున్నా ఇబ్బంది లేదు. ఎన్నారైలు ఇల్లు కొనొచ్చు, పొలం కొనకూడదు. వాళ్లు కాన్సులేట్‌లో సంతకం పెట్టి పంపే పవర్ ఆఫ్ అటార్నీని ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు చేయించాలి. మొదటిసారి వేలానికైతే నోటీసు తర్వాత 30 రోజులు, మళ్లీ వేస్తే 15 రోజులే గడువు ఇస్తారు కాబట్టి, ఫ్లాటు వెతకడం మొదలుపెట్టేటప్పటికే ఆ కాగితం చేతిలో ఉండాలి.