ఉద్యోగి దావా రాజీతో ముగిసినప్పుడు ఈపీఎల్ఐ పాలసీ ఎంతవరకు ఆదుకుంటుంది?

అమెరికాలో చిన్న ఐటీ కన్సల్టింగ్ సంస్థలు నడిపే తెలుగువారిలో చాలామంది జనరల్ లయబిలిటీ, వర్కర్స్ కాంపెన్సేషన్ పాలసీలు తీసుకున్నాక బీమా పని పూర్తయిందనుకుంటారు. ఉద్యోగం నుంచి తొలగించిన వ్యక్తి తన పట్ల వివక్ష చూపారనో, వేధించారనో, ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించారనో దావాకు దిగితే ఆ రెండు పాలసీలూ సాధారణంగా అక్కరకు రావు. అందుకోసం ఉన్నది ఎంప్లాయ్‌మెంట్ ప్రాక్టీసెస్ లయబిలిటీ ఇన్సూరెన్స్. బ్రోకర్లు క్లుప్తంగా ఈపీఎల్ఐ అంటారు. న్యూజెర్సీలోని మా సంస్థకు తీసుకున్న ఈ పాలసీ పనితీరును ఒక క్లెయిమ్ నోటీసు దశ నుంచి రాజీ ఒప్పందం వరకు చూశాను. ఇది తప్పక తీసుకోదగ్గ పాలసీ అని నా అభిప్రాయం. అయితే కొనేవారు మొదట చదవవలసింది రాజీకి సంబంధించిన షరతులను.

జాతీయ మూలం కారణంగా తనను ప్రాజెక్టులకు దూరంగా ఉంచి, చివరికి తొలగించామని ఒక మాజీ ఉద్యోగి సమాన ఉద్యోగావకాశాల కమిషన్‌కు, అంటే ఈఈఓసీకి, ఫిర్యాదు చేశారు. ఆ ఆరోపణ నిజం కాదని మేము చివరి వరకూ చెప్పాము. అయినా ఈఈఓసీ ఉచితంగా నిర్వహించే మధ్యవర్తిత్వంలో, ఏ తప్పూ అంగీకరించకుండా రాజీ పడ్డాము. తప్పు లేనప్పుడు డబ్బెందుకు ఇవ్వాలని మిత్రులు అడిగారు. ఓడితే పడే భారమూ, గెలిచినా తిరిగిరాని ఖర్చూ చూసే ఆ నిర్ణయం తీసుకున్నాము. ఫెడరల్ చట్టం ప్రకారం 15 నుంచి 100 మంది వరకు ఉద్యోగులున్న సంస్థపై పరిహార, శిక్షాత్మక నష్టపరిహారాలకు కలిపి 50,000 డాలర్ల గరిష్ఠ పరిమితి ఉంది. కానీ తొలగింపు వల్ల ఉద్యోగి కోల్పోయిన వెనుకటి జీతమూ, ఉద్యోగి గెలిస్తే మనమే చెల్లించవలసిన ఆయన న్యాయవాది ఫీజూ ఆ పరిమితిలోకి రావు. న్యూజెర్సీ వివక్ష నిరోధక చట్టమైతే ఎంత చిన్న సంస్థకైనా వర్తిస్తుంది, అందులో అలాంటి పరిమితి లేదు. పైగా మనమే గెలిచినా, మన న్యాయవాదికి పెట్టిన ఖర్చు చాలా అరుదుగా తప్ప తిరిగి రాదు.

ఈ పాలసీలో అన్నిటికంటే ముఖ్యమైనది సమ్మతి నిబంధన. బీమా సంస్థ ముందస్తు లిఖిత అంగీకారం లేకుండా మనం రాజీ సొమ్ము ఇచ్చినా, ఇస్తామని మాట ఇచ్చినా, ఆ సొమ్ము చెల్లించడానికి వారు నిరాకరించవచ్చు. మనవారిలో పెద్దమనుషుల మధ్య కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవడం మంచి అలవాటే, కానీ ఈ పాలసీ ఉన్నవారు బీమా ప్రతినిధికి తెలియకుండా ఆ పని చేయకూడదు. దీనికి రెండో వైపు హ్యామర్ క్లాజ్ ఉంటుంది, అంటే బీమా సంస్థ ఒప్పుకున్న రాజీని మనం కాదంటే ఆపై పెరిగే ఖర్చును మనపై వేసే షరతు. ఉదాహరణకు అవతలి పక్షం 60,000 డాలర్లకు ఒప్పుకుంది, బీమా సంస్థ సరేనంది, మనం మాత్రం పరువు సమస్య అని నిరాకరించాము అనుకుందాం. తరువాత తీర్పు, అదనపు న్యాయ ఖర్చులు కలిపి మొత్తం 1,60,000కు చేరితే, పూర్తి హ్యామర్ ఉన్న పాలసీలో పైబడిన లక్ష డాలర్లూ మనవే. 70:30 ప్రకారం సడలించిన పాలసీలో ఆ లక్షలో 70,000 బీమా సంస్థ, 30,000 మనం భరిస్తాము. ప్రీమియంలో కొన్ని వందల డాలర్ల తేడా కోసం గంటలకొద్దీ బేరమాడే యజమానులు ఈ ఒక్క వాక్యం గురించి అడగకుండానే సంతకం పెట్టడం నాకు బాధ కలిగిస్తుంది.

రాజీ మొత్తంలో ఏ భాగం దేనికని రాస్తారో కూడా జాగ్రత్తగా చూడాలి. వివక్ష ఆరోపణకు సంబంధించిన పరిహారం పాలసీ కిందికి వస్తుంది. అప్పటికే చెల్లించవలసి ఉన్న జీతం, ఓవర్‌టైమ్, ఒప్పందం ప్రకారం ఉద్యోగం ముగిసినప్పుడు ఇవ్వవలసిన సొమ్ము (సెవెరెన్స్) సాధారణంగా రావు. మన కన్సల్టింగ్ సంస్థలకు ఇది చాలా ముఖ్యం. హెచ్1బీ ఉద్యోగిని ప్రాజెక్టు లేదని బెంచిపై ఉంచినా జీతం ఇవ్వాల్సిందేనని నిబంధనలు చెబుతున్నాయి, కాబట్టి ఆ బకాయికి ఈ పాలసీ రక్షణ ఇస్తుందని ఆశించకూడదు. కొన్ని పాలసీలు వేతన దావాల్లో న్యాయ ఖర్చుకు మాత్రం ఒక చిన్న ఉపపరిమితి ఇస్తాయి.

ఇది క్లెయిమ్స్‌మేడ్ తరహా పాలసీ, అంటే పాలసీ కాలంలో మొదలైన క్లెయిములకే వర్తించేది కనుక సమాచారం ఎప్పుడు ఇచ్చామన్నది నిర్ణాయకం. ఈఈఓసీ నోటీసే క్లెయిమ్ కిందికి వస్తుంది. దానిని పక్కన పెట్టి, మరుసటి పాలసీ సంవత్సరంలో కోర్టు సమన్లు అందాక తెలియజేస్తే, క్లెయిమ్ ముందు సంవత్సరమే మొదలైందని తిరస్కరించే అవకాశం ఎక్కువ. మేము నోటీసు అందిన వెంటనే పంపడం వల్ల ఆ వివాదమే రాలేదు.

సేవ విషయానికి వస్తే, బీమా సంస్థ తన ప్యానెల్ (ముందే ఎంపిక చేసుకున్న న్యాయవాదుల జాబితా) నుంచి నియమించిన న్యాయవాది ఉద్యోగ చట్టంలో అనుభవజ్ఞురాలు, ఫైళ్లన్నీ ఓపికగా చదివారు. క్లెయిమ్ ప్రతినిధి మాత్రం మధ్యవర్తిత్వం జరిగే రోజున ఎంత వరకు అంగీకరించవచ్చో ముందుగా చెప్పకుండా మమ్మల్ని చాలాసేపు వేచి ఉండేలా చేశారు. అవతలి పక్షం లేచి వెళ్లిపోయే పరిస్థితి వచ్చినప్పుడు అది చిన్న లోపం కాదు. మా వాటాగా భరించవలసిన 25,000 డాలర్ల రిటెన్షన్‌లో ఎక్కువ భాగం న్యాయవాది ఫీజుకే అయిపోయింది. మిగిలినది పోగా రాజీ సొమ్మును బీమా సంస్థ ఒప్పుకున్న గడువులోనే చెల్లించింది. న్యాయ ఖర్చులు కూడా పాలసీ పరిమితిలోనుంచే తగ్గుతాయి గనుక, పది లక్షల డాలర్ల పరిమితి అంటే రాజీకి పది లక్షలు ఉన్నట్టు కాదు.

ఐదుకు నాలుగు మార్కులు ఇస్తున్నాను. రెన్యువల్ సమయంలో బ్రోకరు ద్వారా హ్యామర్ క్లాజ్‌ను 80:20కి సడలించమని అడిగాము. 70:30కి అంగీకరించారు, దానికి ప్రీమియం కొద్దిగా పెరిగింది. మేము కోరిన న్యాయవాదిని ముందుగానే ప్యానెల్‌లో చేర్చే అంశంపై ఇంకా చర్చ జరుగుతోంది.