మినీ డీవీ టేపులకు ఏది మేలు: ఫైర్‌వైరా, యూఎస్‌బీ క్యాప్చరా?

మినీ డీవీ టేపుల్లోని వీడియోను ఎడిటింగ్ కోసం కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే చాలామందికి ముందుగా కంటపడేది యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం. ధర తక్కువ, ఏ ల్యాప్‌టాప్‌కైనా సరిపోతుంది. అయినా మీ క్యామ్‌కార్డర్‌కు డీవీ సాకెట్, అంటే కెమెరాను కంప్యూటర్‌కు కలిపే ఫైర్‌వైర్ కేబుల్ పెట్టే చోటు, ఉంటే ఆ క్యాప్చర్ పరికరం జోలికి పోవద్దనే చెబుతాను.

కారణం టేపులోనే ఉంది. 1995లో వచ్చిన డీవీ పద్ధతిలో దృశ్యం టేపు మీదే అంకెల రూపంలో నమోదవుతుంది. ఫైర్‌వైర్ ఆ అంకెలను ఉన్నవి ఉన్నట్టుగా హార్డ్ డిస్కుకు చేరవేస్తుంది. క్యాప్చర్ పరికరం వాడితే కెమెరా వాటిని అనలాగ్ సంకేతంగా మార్చి పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల కేబుల్‌లో పంపుతుంది. పరికరం దాన్ని మళ్లీ డిజిటల్ చేసి, సాధారణంగా ఎంపెగ్-2గా (డీవీడీల్లో వాడే కుదింపు పద్ధతి) కుదించేస్తుంది. వెలుగునీడలూ రంగులూ పసుపు పిన్ను తీగ ఒక్కదానిలోనే కలిసి రావడంతో పెళ్లికూతురి ఎర్ర పట్టుచీర రంగు అంచు దాటి పాకుతుంది, సన్నని జరీ గీతల మీద లేని రంగులు మిలమిలలాడతాయి. అలా చెడినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు.

ఎడిటింగ్‌కు కూర్చున్నప్పుడు తేడా ఇంకా బాగా తెలుస్తుంది. డీవీలో ఏ ఫ్రేముకు ఆ ఫ్రేము విడిగా ఉంటుంది కాబట్టి ఎక్కడ కావాలంటే అక్కడ కోయవచ్చు. ఎంపెగ్-2లో చాలా ఫ్రేములు పక్క ఫ్రేముల మీద ఆధారపడతాయి. పైగా ఫైర్‌వైర్ ద్వారా వచ్చిన ఫైలులో చిత్రీకరించిన తేదీ, సమయం కూడా ఉంటాయి. విన్‌డీవీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాటిని చూసి ఏ షాటుకు ఆ షాటు వేరు చేసి పెడుతుంది. గంట టేపుకు గంట సమయం ఎలాగూ పడుతుంది, ఫైలు దాదాపు 13 జీబీ ఉంటుంది.

ఇబ్బందల్లా సాకెట్ దగ్గరే. కొత్త ల్యాప్‌టాప్‌లకు ఫైర్‌వైర్ లేదు. 2025లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టాహో కూడా దాన్ని వదిలేసింది. డెస్క్‌టాప్ ఉంటే లోపల అమర్చే పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫైర్‌వైర్ కార్డు పెట్టించుకోవచ్చు. లేదంటే ఫైర్‌వైర్ ఉన్న పాత కంప్యూటర్ వెతకండి. ఒక చివర యూఎస్‌బీ, మరో చివర ఫైర్‌వైర్ ఉన్న చవక కేబుళ్లు కొనకండి, అవి పనిచేయవు. కెమెరాకున్న యూఎస్‌బీ సాకెట్ చాలా మోడళ్లలో మెమరీ కార్డులోని ఫొటోల కోసమే. ఆరు పిన్నుల ఫైర్‌వైర్ ప్లగ్గులో కరెంటు కూడా వస్తుంది; తలకిందులుగా గుచ్చితే సాకెట్ కాలిపోతుంది. కెమెరా, కంప్యూటర్ రెండూ ఆపి కేబుల్ పెట్టండి.

అనలాగ్ పద్ధతిలో నమోదైన వీహెచ్‌ఎస్, హై8 టేపులకు మాత్రం సాధారణంగా క్యాప్చర్ పరికరమే దిక్కు. వెలుగునీడలనూ రంగులనూ వేర్వేరుగా పంపే ఎస్-వీడియో సాకెట్ ఉంటే పసుపు పిన్ను బదులు దాన్నే వాడండి. హై8 టేపులను కూడా ఆడించే డిజిటల్8 కెమెరా దొరికితే దాని నుంచి నేరుగా డీవీ రూపంలోనే తీసుకోవచ్చు.

స్టూడియోకు ఇస్తే సాధారణంగా డీవీడీ చేసిస్తారు. 13 జీబీ వీడియోను 4.7 జీబీ డిస్కులో పట్టించాలంటే కుదించక తప్పదు. చూసుకోవడానికి అది చాలు, ఎడిటింగ్‌కు చాలదు. కుదించని డీవీ ఏవీఐ ఫైళ్లనే (టేపులోని డీవీ వీడియో ఉన్నదున్నట్టుగా ఉండే ఫైళ్లు) హార్డ్ డిస్కులో వేసి ఇమ్మని అడగండి.

ఎల్‌పీ మోడ్‌లో (టేపును నెమ్మదిగా నడిపి ఎక్కువసేపు రికార్డు చేసే పద్ధతి) తీసిన టేపులు వేరే కెమెరాలో సరిగా ఆడకపోవచ్చు, కాబట్టి పని పూర్తయ్యేదాకా పాత కెమెరాను అమ్మకండి. టేపు పెట్టేముందు దాని అంచున ఉన్న చిన్న మీటను సేవ్ వైపు జరపండి. పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా పాత దృశ్యం చెరిగిపోదు.