ఆరేళ్లుగా జింజా వాడుతున్నా: ఏది కలిసొచ్చింది, ఏది ఏడిపించింది

ఒక మందుల డిస్ట్రిబ్యూటర్‌కు రాసిచ్చిన బిల్లింగ్ అప్లికేషన్‌లో 37 హెచ్‌టీఎంఎల్ ఫైళ్లుండేవి. అన్నింట్లో అదే మెనూ, అదే ఫుటర్. మెనూలో 'రిటర్న్స్' లింకు చేర్చమంటే ఒక పూటంతా కాపీ పేస్ట్ చేశాను, అయినా రెండు పేజీలు మిగిలిపోయాయి. పైథాన్‌లో వెబ్ అప్లికేషన్లు రాయడానికి వాడే ఫ్లాస్క్‌తో పాటే జింజా వస్తుంది. టెంప్లేట్లతో, అంటే ఖాళీలు వదిలిన అచ్చులతో, హెచ్‌టీఎంఎల్ పేజీలు తయారుచేసే పనిముట్టు ఇది. అప్పటిదాకా దాన్ని వేరియబుల్స్ (కోడ్ నుంచి వచ్చే విలువలు) చూపించడానికే వాడేవాణ్ని. ఆ రాత్రి మెనూ, ఫుటర్ ఉండే బేస్ ఫైలు ఒకటి రాసి, మిగతావి దాన్ని ఎక్స్‌టెండ్ చేసేలా (దాని మీదే కట్టుకునేలా) మార్చడం మొదలుపెట్టాను. (జింజా అంటే జపనీస్‌లో షింటో గుడి. టెంపుల్, టెంప్లేట్ మాటలు కలిసేలా పెట్టిన పేరు.)

బేస్ ఫైలును అందుకునే ఎక్స్‌టెండ్స్, పేజీ పేజీకీ మారే భాగాన్ని గుర్తించే బ్లాక్: ఈ జోడీకి ఇన్నాళ్లలో వంక పెట్టలేకపోయాను. కొత్త పేజీ కావాలంటే కంటెంట్ బ్లాక్ ఒక్కటి రాస్తే చాలు. కాకపోతే పిల్ల టెంప్లేట్‌లో (బేస్‌ను ఎక్స్‌టెండ్ చేసే పేజీలో) జావాస్క్రిప్ట్ ఉండే స్క్రిప్ట్స్ బ్లాక్ మళ్లీ రాస్తే బేస్‌లో ఉన్నది పోతుంది. బేస్‌లోదాన్ని తిరిగి తెచ్చే సూపర్‌ను అందులో పిలవడం మర్చిపోయి, తేదీ క్యాలెండర్ తెరుచుకోవట్లేదని జావాస్క్రిప్ట్‌ను తిట్టుకున్న రోజులున్నాయి.

అసలు ఏడిపించింది మ్యాక్రోలు, అంటే పేరు పెట్టి మళ్లీ మళ్లీ పిలుచుకునే టెంప్లేట్ ముక్కలు. ఇంక్లూడ్ చేసిన (పేజీలో నేరుగా కలిపిన) ఫైలుకు పేజీలోని వేరియబుల్స్ వాటంతటవే అందుతాయి. వేరే ఫైలు నుంచి ఇంపోర్ట్ చేసిన మ్యాక్రోకు అందవు. ఇంపోర్ట్ లైన్‌లో 'విత్ కాంటెక్స్ట్' అని రాయాలి, లేదా పిలిచేటప్పుడు ఆ విలువను ఆర్గ్యుమెంట్‌గా పంపాలి. నాకిది తెలియదు. బిల్లు వరసను ఇంక్లూడ్ నుంచి మ్యాక్రోలోకి మార్చిన రోజు, ఒక వేరియబుల్‌ను చూసి కనిపించే ఎడిట్ బటన్ మాయమైంది. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఏమీ లేదు. లేని వేరియబుల్‌ను ఇఫ్ షరతులో పెడితే జింజా ఫాల్స్ (కాదు) కింద లెక్కేసి సాగిపోతుంది మరి. కొట్టులో గుమస్తా ఫోన్ చేసి "బిల్లు ఎలా మార్చాలండీ?" అని అడిగితే గానీ తెలియలేదు. అప్పటినుంచి జింజాలోని స్ట్రిక్ట్‌అన్‌డిఫైన్డ్ సెట్టింగ్ పెట్టుకున్నాను. లేని పేరు కనిపిస్తే పేజీ అక్కడే ఆగిపోయి ఎర్రర్ చూపిస్తుంది. మొదటి వారం విసుగొచ్చింది, తర్వాత అలవాటైంది.

నా అత్యాశ ఇంకోటి: ఫారంలో వచ్చే ప్రతి గడికీ ఒకే మ్యాక్రో. పేరు, లేబుల్, రకంతో మొదలై 11 ఆర్గ్యుమెంట్ల దాకా పెరిగింది. లోపలంతా ఇఫ్‌లే. చెక్‌బాక్స్ కోసం ఒకటి మారిస్తే తేదీ గడి పక్కకు జరిగేది. పోయినేడు దాన్ని నాలుగు చిన్న మ్యాక్రోలుగా విడగొట్టాను. లేబుల్, ఎర్రర్ చూపించే నాలుగైదు లైన్లు అన్నింట్లోనూ మళ్లీ కనిపిస్తాయి. వాటి జోలికి మాత్రం వెళ్లట్లేదు.