జొన్న రొట్టె: చేత్తో తట్టడమా, కర్రతో ఒత్తడమా?

చపాతీలు ఎంత బాగా చేసేవాళ్లకైనా జొన్న రొట్టె మొదట్లో చిక్కదు. పీట మీద అంచులు నెర్రెలిస్తాయి, ఎత్తబోతే చేతిలో రెండు ముక్కలవుతుంది. గోధుమపిండిని సాగేలా చేసే గ్లూటెన్ అనే ప్రోటీన్ జొన్నలో ఉండదు కాబట్టి పిండి సాగదు.

ఆ లోటు తీర్చేది వేడినీళ్లే. కప్పు పిండికి దాదాపు కప్పు నీళ్లు బాగా మరిగించి పోస్తే, పిండి కొంత ఉడికి జిగురొస్తుంది. గరిటెతో కలిపి, చెయ్యి పట్టే వేడికి రాగానే అరచేతి మడమతో గట్టిగా మర్దించాలి. చన్నీళ్లతో కలిపితే తట్టినా ఒత్తినా విరుగుతుంది. పిండి పాతదైతే వేడినీళ్లు కూడా అంతగా పనిచేయవు.

ఇక అసలు సంగతి. మూడేళ్లు కర్రతోనే చేశాను. రొట్టె సమంగా, పల్చగా వస్తుంది, నలుగురికి వండాలంటే పని తొందరగా తెములుతుంది. కానీ కర్ర అంచును బయటికి నెడుతుంది, చిన్న పగులు పెద్దదవుతుంది. అంటుకోకుండా పొడిపిండి చల్లుతూనే ఉండాలి, కాలాక ఆ పిండే నోట్లో తగులుతుంది.

తట్టేటప్పుడు అలా కాదు. కుడిచేత్తో తడుతూ రొట్టెను తిప్పుతుంటే, ఎడమచెయ్యి అంచును కాస్తుంటుంది. పగులు కనబడిన క్షణంలోనే వేలితో నొక్కి పూడ్చేయొచ్చు. నాకు చెయ్యి కుదరడానికి రెండు వారాలు పట్టింది. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో అద్ది, ఆ తడి ఆరగానే తిప్పి, మంట మీద కాలిస్తే ఉబ్బుతుంది. ఆ రొట్టె మెత్తగా ఉంటుంది, తుంచితే పొరలు విడుతుంది. ఇంట్లో రోజూ తినడానికి నా ఓటు తట్టిన రొట్టెకే.

సజ్జ రొట్టెకూ తట్టడమే మేలు. కాకపోతే సజ్జపిండిలో కొవ్వు ఎక్కువ, త్వరగా చేదెక్కుతుంది, కొద్దికొద్దిగా పట్టించుకోవాలి. రాగిపిండి కాస్త మెత్తగా కలిపి, తడిగుడ్డ మీదో అరిటాకు మీదో తట్టి పెనం మీదికి జార్చాలి. దానికి కర్ర పనికిరాదు.

కర్ర గెలిచేది ఒక్కచోటే: కర్ణాటక ఉత్తర జిల్లాల్లో దొరికే కడక్ రొట్టెలా, అప్పడంలా పల్చగా కాల్చి నిల్వ చేసుకోవాలంటే. అక్కడివాళ్లు దాన్ని కూడా చేత్తోనే తట్టగలరు. నాకింకా అంత పల్చగా తట్టడం రాలేదు, వాటికి మాత్రం కర్రే పడతాను.