టాస్క్స్ ఫైలా, మేక్‌ఫైలా, సీమేకా: రెండు మూడు సి ఫైళ్లకు ఏది మేలు?

వీఎస్ కోడ్ ఎడిటర్‌లో సి నేర్చుకునేవాళ్లు చాలామంది ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు గ్రేడ్’ లాంటి ఎర్రర్ దగ్గర ఆగిపోతారు. గ్రేడ్ ఫంక్షన్ లెక్క.సి లో ఉంది, మెయిన్.సి లో హెడర్ ఇంక్లూడ్ చేశారు, అయినా రాదు. కోడ్‌లో తప్పేం లేదు. మామూలు బిల్డ్ టాస్క్ తెరిచి ఉన్న ఒక్క ఫైల్‌నే జీసీసీ కంపైలర్‌కి ఇస్తుంది. హెడర్‌లోని డిక్లరేషన్ చూసి కంపైలర్ సరేనంటుంది, కంపైలైన ముక్కలను కలిపే లింకర్‌కి మాత్రం అసలు ఫంక్షన్ దొరకదు.

అన్నిటికంటే దగ్గరి దారి టాస్క్స్.జేసన్, అంటే వీఎస్ కోడ్ బిల్డ్ టాస్క్ రాసి ఉండే ఫైల్. అందులో ఒక్క ఫైల్ పేరు వెళ్లేచోట ఫోల్డర్ పేరు, స్లాష్, స్టార్, డాట్ సి పెడితే ఆ ఫోల్డర్‌లోని సి ఫైళ్లన్నీ వెళ్తాయి. కానీ ల్యాబ్ ప్రోగ్రాములన్నీ ఒకే ఫోల్డర్‌లో పడేసే అలవాటుంటే, ప్రతిదాంట్లోనూ ఒక మెయిన్ ఉంటుంది కాబట్టి ‘మల్టిపుల్ డెఫినిషన్ ఆఫ్ మెయిన్’ అంటుంది. ప్రాజెక్టుకో ఫోల్డర్ పెట్టుకుంటే ఈ గొడవ లేదు.

విండోస్‌లోనూ లినక్స్‌లోనూ అదే కోడ్ బిల్డ్ చేయాలంటే సీమేక్. 2000లో వచ్చిన ఈ సాధనం తాను కంపైల్ చేయదు. మేక్ అనే సాధనం చదివే మేక్‌ఫైళ్లో, విజువల్ స్టూడియో ప్రాజెక్టో తయారుచేసి ఇస్తుంది. మొదటి ఏడాది విద్యార్థికి ఇది బరువే.

నేర్చుకునేవాళ్లకు నా ఓటు మేక్‌కే. ఏ ఫైలు దేనిమీద ఆధారపడుతుందో మేక్‌ఫైల్‌లో రాసిస్తే ఆ ప్రకారం బిల్డ్ చేసే దీన్ని 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాశారు. ఫైళ్ల టైమ్ చూసి, మారినవాటినే మళ్లీ కంపైల్ చేస్తుంది. కంపైల్ ఒక లైను, లింక్ ఇంకో లైనుగా టెర్మినల్‌లో కళ్లముందే కనిపిస్తాయి. మేక్‌ఫైల్‌లో కమాండ్ ముందు ట్యాబే ఉండాలి, స్పేసులు పెడితే ‘మిస్సింగ్ సెపరేటర్’ అంటుంది.

అయితే హెడర్ల దగ్గర జాగ్రత్త. ఒకసారి నేను విద్యార్థి స్ట్రక్చర్‌లో రోల్ నంబరుకీ మార్కులకీ మధ్య సెక్షన్ చేర్చి, మెయిన్.సి కూడా మార్చి మేక్ కొట్టాను. మేక్‌ఫైల్‌లో హెడర్ పేరు రాయలేదు కాబట్టి లెక్క.సి కంపైలైతే వచ్చే ఆబ్జెక్ట్ ఫైల్ లెక్క.ఓ పాతదే మిగిలింది. లింకర్ పేర్లు కలిశాయా లేదా అనే చూస్తుంది, స్ట్రక్చర్ మారిందని దానికి తెలియదు. ఎర్రర్ ఒక్కటీ లేదు. 82 మార్కులవాడు ఫెయిల్! పాత ఆబ్జెక్ట్ ఫైల్ సెక్షన్ నంబరు 2నే మార్కులనుకుంది. ఒక సాయంత్రమంతా లెక్క.సి లోనే తప్పు వెతికాను.

సీమేక్ అయితే హెడర్లను తనే పట్టించుకుంటుంది. మేక్‌లో మనం చెప్పాలి: కంపైలర్‌కి ఇచ్చే ఆప్షన్లుండే సీఫ్లాగ్స్‌లో హైఫన్ ఎంఎండీ పెట్టి, దానివల్ల పుట్టే, ఏ ఫైలు ఏ హెడర్ వాడుతుందో రాసి ఉండే డాట్ డి ఫైళ్లను మేక్‌ఫైల్ చివర ఇంక్లూడ్ చేయాలి. అప్పటినుంచి హెడర్ ముట్టుకుంటే చాలు, దాన్ని వాడే ప్రతి ఫైలూ మళ్లీ కంపైల్ అవుతోంది.