తడిసినవి మిగిలాయి, ఫోన్‌లో కొన్నవి పోయాయి

నేను చందా కట్టే విదేశీ పత్రిక ఒకటుంది. బోర్డ్ గేమ్స్, రోల్‌ప్లే గేమ్స్ గురించిన నెలవారీ పత్రిక. రోల్‌ప్లే అంటే ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్ళు అందులో పాత్రలై ఆడే ఆట. గత నెల వాళ్ళు చందాదారులందరికీ ప్రశ్నలు పంపారు. ఇకమీదట పత్రిక ఎలా రావాలి? నెలనెలా అచ్చులోనా, మూడు నెలలకొకసారి లావు సంచికగానా, పూర్తిగా ఫోన్‌లోనా? చివర్లో మన మాట రాయడానికి నాలుగు లైన్ల చోటిచ్చారు. 2012 నుంచి తిరుపతిలో కూర్చుని ఈ పత్రికను అచ్చులోనూ ఫోన్‌లోనూ చదివినవాణ్ణి, నాకా నాలుగు లైన్లు చాలలేదు. పత్రిక పేరు రాయడం లేదు. నాకు జరిగింది వేరే పత్రిక చదివేవాళ్ళకీ జరగొచ్చు.

వార్తలు, కొత్త ఆటల సమీక్షలు, ఆటలో పెట్టే చిన్న బొమ్మలకు రంగులేసే పాఠాలు అందరికీ తెలిసినవే. నేను డబ్బు కట్టేది మధ్య పేజీల కోసం. ప్రతి సంచికలో ఒక పూట ఆడుకోవడానికి సరిపడే కథ, దానికో మ్యాపు సిద్ధంగా ఉంటాయి. పులిజూదం మేమెవరం పుస్తకం చూసి నేర్చుకోలేదు. మా అవ్వ బండమీద సుద్దముక్కతో గీతలు గీసి, 3 పులులు, 15 మేకలు పెట్టి ఆడించేది. తప్పు ఎత్తు వేస్తే చేతిమీద ఒకటి పడేది. రోల్‌ప్లే ఆటలకు మా ఊళ్ళో అలా నేర్పే పెద్దవాళ్ళు ఎవరున్నారు? కథ నడిపేవాడు ఎంతవరకు చెప్పాలి, ఎక్కడ ఆగాలి, ఆటగాళ్ళు అనుకోని దారి పడితే ఏం చెయ్యాలి అనేవి మాకు ఆ మధ్య పేజీలే నేర్పాయి. ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట్లో ఆరుగురం కూర్చుంటాం. ఇన్నేళ్ళుగా ఆ కూర్చోవడం నిలిచిందంటే నెలకొక కథ చేతికి అందడం వల్లే.

2021 నవంబరు వానలు తిరుపతిలో ఎవరూ మర్చిపోరు. ఆ రాత్రి మా ఇంట్లోకి మోకాలి కిందివరకు నీళ్ళొచ్చాయి. నేను బీరువా వైపు పోతుంటే, "ముందు బియ్యం మూట ఎత్తరా నాయనా, ఆ పుస్తకాలు తర్వాత" అని మా అమ్మ అరిచింది. ఆమె చెప్పిందే న్యాయం. మూట ఎత్తి వచ్చేసరికి కింది అరలోని 41 సంచికలు మునిగాయి. నున్నటి కాగితం కదా, ఎండలో పెడితే ఆరిపోతుందనుకున్నాను. లైబ్రరీలో పనిచేసిన మా బంధువు ఒకాయన ఫోన్‌లో గట్టిగా వద్దన్నాడు. అలాంటి కాగితం తడిమీద ఉన్నప్పుడే పేజీలు విడదీయాలి, ఒకసారి అతుక్కుని ఆరితే ఇక ఊడిరాదు. అన్నీ ఒకేసారి చెయ్యలేకపోతే గడ్డకట్టించి పెట్టుకో, టైం దొరుకుతుంది అన్నాడు. బైరాగిపట్టెడలో మిత్రుడికి ఐస్‌క్రీమ్ షాపు ఉంది. ఆ వానల్లో ఐస్‌క్రీమ్ కొనేవాళ్ళు ఎటూ లేరు. సంచికలు ఒక్కొక్కటీ పాలిథిన్ కవర్లో చుట్టి అతని ఫ్రీజర్లో పెట్టాం. రోజుకు రెండు మూడు చొప్పున బయటికి తీసి, పేజీకీ పేజీకీ మధ్య తెల్ల కాగితం పెట్టి, ఫ్యాను కింద ఆరబెట్టాను. మూడు వారాలు పట్టింది. 29 దక్కాయి. అంచులు వంకర్లు పోయాయి, కొన్ని మ్యాపుల మీద నదులు ఉండాల్సిన దానికంటే వెడల్పయ్యాయి. కానీ చదవొచ్చు, ఆడొచ్చు. ఇప్పటికీ ఆడుతున్నాం.

ఆ బాధలోనే నేను అచ్చు చందా మాని 2022 జనవరి నుంచి ఫోన్ యాప్‌లోకి మారాను. మారిన కొత్తలో నలుగురికీ గట్టిగా చెప్పాను, ఇంట్లో కాగితం పెట్టుకోవద్దు, ఇదే మేలు అని. ఆ మాటలో కొంత నిజం ఇప్పటికీ ఉంది. అచ్చు సంచిక సముద్రం దాటి మా ఇంటికి చేరేసరికి నెలన్నర, రెండు నెలలు అయ్యేది. యాప్‌లో విడుదలైన రోజే వచ్చేది. పాత కథ ఏదైనా కావాలంటే ఒక్క పదం కొడితే చాలు. వంతెన మీద కాపలా రాక్షసుడు ఉన్న కథ ఏ సంచికలో వచ్చిందో వెతకడానికి అంతకుముందు నాకు ఒక సాయంత్రమంతా పట్టేది.

ఆడేటప్పుడు మాత్రం ఇబ్బంది మొదటి ఆదివారమే తెలిసింది. రెండు పేజీలు కలిపి వేసిన మ్యాపును యాప్ మధ్యకు కోసేసేది. కోట ఒకవైపు, కోట తలుపు ఇంకోవైపు. ప్రింటు తీసుకునే దారి లేదు. అచ్చు సంచికైతే జిరాక్స్ షాపులో పెద్ద కాగితం మీద తీయించి బల్లమీద పరిచేవాళ్ళం. ఫోన్ అందరికీ చూపిస్తే ఆటగాళ్ళకు తెలియకూడని గదులు కూడా కనిపించేవి. అలవాటు పడతామని సర్దుకున్నాను. తక్కువ డబ్బుతో వస్తోంది కదా అనుకున్నాను.

2024 వేసవిలో ఒక ఆదివారం, అందరూ వచ్చి కూర్చున్నాక, యాప్ తెరిస్తే ఖాళీ. లాగిన్ కూడా తీసుకోలేదు. నెట్ సమస్యనుకుని పక్కింటి వైఫైతో చూశాను, యాప్ తీసేసి మళ్ళీ వేసుకుందామని చూశాను. స్టోర్‌లో ఆ యాప్ కనిపించడమే మానేసింది. ఆరోజు ఆట జరగలేదు. టీ తాగి వెళ్ళిపోయారు. రాత్రి మెయిల్ అంతా వెతికితే, ప్రకటనల మధ్య రెండు నెలల కిందటి ఉత్తరం దొరికింది. యాప్ నడిపే సంస్థ సేవ ఆపేస్తోంది, 30 రోజుల్లో మీ సంచికలు చదివేసుకోండి అని రాశారు. దాచుకోండి అని కాదు, చదివేసుకోండి అని! నేను డబ్బు కట్టిన 27 సంచికలు పోయాయి. అడిగితే మర్యాదగానే జవాబిచ్చారు, మీరు కొన్నది చదివే హక్కు మాత్రమే, ప్రతులు కాదని. ఆ జవాబు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వరద నా సంచికల్లో 12 తీసుకుంది, మిగతావాటికి నేను ఏదో ఒకటి చెయ్యగలిగాను. ఇక్కడ ఏ ఫ్రీజర్లో పెట్టను?

ఈ అభిరుచి ఉన్నవాళ్ళకు ఇది కొత్త కాదు. 1976లో మొదలైన రోల్‌ప్లే ఆటల పత్రిక డ్రాగన్ 2007లో 359వ సంచికతో అచ్చు ఆపేసి ఆన్‌లైన్‌కి వెళ్ళింది, 2013లో అదీ ఆగింది. వీడియో గేమ్స్ పత్రిక గేమ్ ఇన్ఫార్మర్ 2024 ఆగస్టులో మూతపడినప్పుడు పత్రికతోపాటు వెబ్‌సైట్‌లోని ఏళ్ళనాటి వ్యాసాలు కూడా కనబడకుండా పోయాయి. 2025లో తిరిగి వచ్చింది, సంతోషమే. అదే డ్రాగన్ మొదటి 250 సంచికలను 1999లో సీడీల్లో పెట్టి అమ్మారు. కొన్నవాళ్ళ దగ్గర అవి ఉన్నాయి, ఎవరి సర్వరూ అక్కర్లేదు. 1977లో పుట్టిన ఆటల పత్రిక వైట్ డ్వార్ఫ్ మధ్యలో కొన్నాళ్ళు వారపత్రికగా మారి, మళ్ళీ నెలపత్రికై ఇంకా అచ్చులో వస్తోంది. దాని వెనుక ఆట బొమ్మలు అమ్ముకునే పెద్ద కంపెనీ ఉంది. మేం చదివేలాంటి చిన్న పత్రికకు ఆ అండ లేదు, కాగితం ధర, తపాలా ఖర్చు దాని మీదే పడతాయి. అందుకే వాళ్ళ మీద నాకు కోపం ఉన్నా, మూసేస్తారేమో అన్న టెన్షన్ అంతకంటే ఎక్కువ ఉంది.

వాళ్ళకు నేను రాసి పంపింది ఇది. వార్తలు మానేయండి. సంచిక మాకు చేరేలోపు అవి యూట్యూబ్‌లో పాతబడిపోతున్నాయి. సమీక్షలు సగానికి తగ్గించండి. ఆడే కథలు, మ్యాపులు, కథ నడిపేవాడికి సలహాలు, ఇవే ఇవ్వండి. పదేళ్ళ తర్వాత తీసినా అవి పనికొస్తాయి. నెలనెలా కుదరకపోతే మూడు నెలలకొకసారి ఇవ్వండి, మాకు పరవాలేదు. అచ్చుతో పాటు తాళం వెయ్యని పీడీఎఫ్ ఇవ్వండి. నా కంప్యూటర్లో నేను దాచుకుంటాను. అచ్చు పూర్తిగా ఆపక తప్పకపోతే కనీసం ఆ పీడీఎఫ్ ఆపకండి.

మళ్ళీ అచ్చు చందాకే వచ్చాను, ఈసారి పై అరలో పెడుతున్నాను. కానీ 2022లో చెప్పినట్టు ఇప్పుడు అందరూ ఇదే కట్టండి అని చెప్పలేను. పత్రిక ధర కంటే దాన్ని ఇక్కడికి రప్పించే ఖర్చే ఎక్కువ. మేం ఆరుగురం పంచుకుంటున్నాం కాబట్టి నడుస్తోంది. ఇల్లు మాది, బీరువాకు చోటుంది. ఏడాదికో అద్దె ఇల్లు మారేవాళ్ళకు, ఒంటరిగా చదువుకునేవాళ్ళకు ఫోనే నయం కావచ్చు. మా గుంపులో ఇద్దరు వచ్చే ఏడాది చదువు ముగించి బెంగళూరు వెళ్తున్నారు. అప్పుడు మిగిలిన నలుగురం ఇంత ఖర్చు పెట్టగలమో లేదో చూడాలి.