అంబులెన్స్‌లో ఎక్కించడానికి ఏది మేలు, హోల్ బ్లడ్డా ప్యాక్డ్ సెల్సా?

రక్తం ధారగా పోతున్న మనిషికి సెలైన్ మీద సెలైన్ పెడితే బీపీ కాస్త లేస్తుంది గానీ ఉన్న రక్తం పల్చబడిపోయి గడ్డకట్టడం ఇంకా తగ్గుతుంది, చారులో నీళ్లు పోసుకుంటూ పోయినట్టే. అందుకే కొన్ని చోట్ల రక్తమే అంబులెన్స్‌లో పెట్టుకుని తిరుగుతున్నారు. లండన్ ఎయిర్ అంబులెన్స్ 2012లో ప్యాక్డ్ సెల్స్‌తో, అంటే రక్తంలోంచి విడగొట్టిన ఎర్రకణాలతో మొదలుపెట్టింది, అమెరికాలోని టెక్సస్‌లో శాన్ ఆంటోనియో వాళ్లు 2018లో హోల్ బ్లడ్‌తో, అంటే ఏమీ విడగొట్టని రక్తంతో దిగారు.

ప్యాక్డ్ సెల్స్ దొరకడం తేలిక, 42 రోజులు నిల్వ ఉంటాయి. కానీ అవి ఆక్సిజన్ మోస్తాయి అంతే, గడ్డకట్టించేది ప్లాస్మా (రక్తంలోని ద్రవ భాగం), ప్లేట్‌లెట్లు కదా. ఫ్రోజెన్ ప్లాస్మాని బండిలో కరిగిస్తూ కూర్చోలేరు, ఫ్రాన్స్ జర్మనీల్లో ఉండే పొడి ప్లాస్మా అందరికీ దొరకదు. హోల్ బ్లడ్ అయితే ఒకటే బ్యాగు, ఒకటే లైను, అన్నీ అందులోనే, ఒక చేత్తో గాయం నొక్కిపట్టుకున్న వాళ్లకి అదెంత సుఖమో! కాకపోతే 35 రోజులే నిల్వ, పైగా ‘O’ గ్రూప్‌లో కూడా, వేరే గ్రూపుల ఎర్రకణాల మీద దాడి చేసే యాంటీబాడీలు తక్కువున్న డోనర్లదే పనికొస్తుంది. ఏదైనా సరే ఎక్కించే ముందు వెచ్చబెట్టాలి, కాల్షియం కూడా ఇవ్వాలి, రక్తం గడ్డకట్టకుండా బ్యాగులో కలిపే సిట్రేట్ ఒంట్లో కాల్షియాన్ని పట్టేస్తుంది మరి.

అసలు దారిలోనే రక్తమో ప్లాస్మానో ఎక్కిస్తే ఉపయోగం ఉందా అంటే దూరాన్ని బట్టి ఉంటుందనిపిస్తుంది. 2018లో అమెరికాలో హెలికాప్టర్లలో ప్లాస్మా ఇచ్చిన ట్రయల్‌లో నెలలోపు మరణాలు 33 శాతం నుంచి 23కి తగ్గాయి, అదే ఏడాది డెన్వర్‌లో రోడ్డు మీద అంబులెన్సుల్లో ఇస్తే తేడా ఏం రాలేదు, హాస్పిటల్ అక్కడ నిమిషాల దూరమే కాబట్టి. బ్రిటన్‌లో ప్యాక్డ్ సెల్స్, పొడి ప్లాస్మా కలిపి ఇచ్చిన ట్రయల్ కూడా సెలైన్ కంటే మేలని తేల్చలేకపోయింది.

నా ఓటు హోల్ బ్లడ్‌కే, కానీ వాడని బ్యాగుల్ని ఎక్స్‌పైరీ కాకముందే పెద్ద ట్రామా హాస్పిటల్‌కి పంపి అక్కడ వాడేసే ఏర్పాటు ఉంటేనే. శాన్ ఆంటోనియోలో అది ఉంది కాబట్టే నడుస్తోంది, లేకపోతే సగం డ్రైనేజీ పాలే.

మన 108కి పెట్టాలంటే ‘O’ నెగెటివ్ అని పట్టుబడితే అవ్వదు, మనవాళ్లలో అది చాలా అరుదు. మగవాళ్లకి ‘O’ పాజిటివ్ ఇచ్చేయొచ్చు, పిల్లలు పుట్టాల్సిన వయసు ఆడవాళ్లకైతే ఆర్‌హెచ్ గొడవ (నెగెటివ్ మనిషికి పాజిటివ్ రక్తం ఎక్కితే యాంటీబాడీలు పుట్టి, తర్వాత కడుపులో బిడ్డకి ఇబ్బంది రావచ్చు) తర్వాత చూసుకోవాలి, ముందు బతకాలి కదండీ. తమాషా ఏంటంటే రక్తాన్ని విడగొట్టే మెషిన్ లేని చిన్న ఊళ్ల బ్లడ్ బ్యాంకులు ఇప్పటికీ హోల్ బ్లడ్డే ఇస్తాయి, దాన్ని పాతకాలం పద్ధతి అని తీసిపారేస్తాం, వాటికి ఆ యాంటీబాడీ టెస్ట్ ఒక్కటి అలవాటు చేస్తే సగం పని అయినట్టే.